సుమయ్య ఎత్తు

నాది ఫాలు, పీకో కొట్టు. ఎండకాలం బడి యూనిఫారాలు.
లాలాగూడ గేటు దాటి మలుపు తిరగంగనే
ముంగట రోడ్డు, రోడ్డుకు ఆవల బడి.
మిషిను తొక్కుకుంటనే రోడ్డును వింట.
బ్రేకు కీసుమన్న ప్రతిసారి
సూది ఒక కుట్టు తప్పుతది.

ఆ యేడు శానా కుట్లు తప్పినయి.
హోటల్ల సాంబారు తెస్తున్న ఫిలోమినక్క
తుంటి పట్టుకొని రోడ్డు నడిమిట్ల కూలబడ్డది.
స్టీలుగిన్నె దొర్లుకుంట దొర్లుకుంట
అవతలి గడ్డకు చేరింది.
మనిషి చేరలే.

అర్జీలు పెట్టినం. రసీదులు ఇచ్చిండ్రు.
"రసీదులు పరుసుకొని వాటి మీద దాటాల్నా?" అన్నడు
పంచరు దుకాణం జహంగీర్ భాయ్.
ఆఖరికి పర్మిషన్ కాయితం వచ్చింది,
పెయింటు రాలే.

ఇంటికి రెండొందలు.
మూడో నంబరోళ్ళు పైసలియ్యలే,
రాత్రి పదకొండింటికి వాళ్ళే చాయ్ పట్టుకొచ్చిండ్రు.
గీతలకు సుద్ద నాది.
జాకెట్టుగుడ్డ మీద నెల రోజులొచ్చే సుద్ద
డాంబరు మీద రెండడుగులకే అరిగిపాయె.
తెల్లారుజామున, తడి ఆరకముందే,
నాలుగో పట్టీ మీంచి కుక్క నడిసింది.
ఆ అడుగులు అట్లనే ఉంచినం.
మా దాటుదోవ మీద మొదలు దాటింది అదే.

తర్వాత పెంటయ్య తాత దిగిండు.
నాంపల్లి బాగుల ముప్పై యేండ్లు మాలీ.
కోసిన నూనెడబ్బాలల్ల నందివర్ధనం,
రెండు కొసలల్ల కాయితంపూలు.
బియ్యం కడిగిన నీళ్ళు ఎవ్వరూ మోరీల పోయొద్దన్నడు.
ఏసీల కింద బకెట్లు పెట్టించిండు.
వాన పడ్డది.
చెట్లు మా మాట వినకుంట పెరిగినయి.
గల్లీకి వచ్చిన చుట్టాలు పూల పక్కన నిలబడి ఫొటోలు దిగిండ్రు.
మాకు కూడ గర్వమే, అబద్ధమెందుకు.

శ్రావణం, ఒక మంగళారం పొద్దున
మళ్ళ కీసుమన్నది.
ఉరికి చూస్తే, ఆటో పట్టీల మీద అడ్డంగ ఉంది.
దాని ముంగట బెత్తెడు దూరంల
ఒకటో తరగతి సుమయ్య,
చేతిల కాయితంపువ్వు.
ఆటోయన దిగి రోడ్డు మీదనే కూసున్నడు.
"చెట్టు కనబడ్డదమ్మా," అన్నడు,
"పిల్ల కనబడలే."

ఆ పొద్దు పెద్ద లొల్లి.
పీకి పారేయాలె అన్నోళ్ళున్నరు.
పీకనీకి నాటినమా అన్నోళ్ళున్నరు.
పెంటయ్య తాత మాత్రం
డబ్బాల మట్టి సదురుకుంట ఉన్నడు.

నాకు ఒక్కటే పని తెల్సు.
మెడల టేపు తీసిన.
"నిలబడు బిడ్డా, మడమలు కలుపు."
సుమయ్య గడ్డం పైకెత్తింది,
కొత్తబట్టలకేమో అనుకొని.
సంచి దించితే నలభై రెండు ఇంచులు.
సంచి మోస్తే అర ఇంచు తక్వ.
సంచి మోసుకొనే గద దాటేది,
తక్వదే రాసుకున్న.
ఆమె భుజం కాడ సుద్దతోని డబ్బా మీద గీత గీసిన.

గీతకు మీద ఉన్నదంత తాతే కత్తిరించిండు.
ఎవ్వరిని ముట్టుకోనియ్యలే.
పూలు గంపకెత్తి ఫిలోమినక్క ఇంటి ముంగట పెట్టి పోయిండు.
ఆ పూట ఎవరితోని మాట్లాడలే.

వారం తర్వాత బడిగోడ పొంటి కానుగ మొక్క తెచ్చిండు.
కింది కొమ్మలు కింద్నే తీసేస్త అన్నడు.
నీడ మీద ఉండాలె, చూపు కింద పారాలె.
స్పీడ్‌బ్రేకరు ఇంకా రాలే.
రసీదు ఉంది.

ఈ జూన్‌ల సుమయ్యకు గౌను కుట్టిన.
మూడించులు పెరిగింది.
ఆ సంగతి ఎట్ల తెల్సిందో,
తాత కొట్టు మెట్టు మీద కూసొని
చెప్పులు సదురుకుంట, నా మొకం చూడకుంట అడిగిండు:
"అయితే, మూడించులు చెట్టుకు కూడ ఇడుస్తమా?"

లేదు తాతా.
ఒకటో తరగతిల ఇంకో పిల్ల చేరింది.
టేపు తీసుకొని పోతున్న,
నువ్వు గూడ రా.