ముప్పైయొకటో నాడు

చిత్తూరు కలెక్టరాఫీసు గోడకానుకుని నా బల్ల.
బల్లమీద కంప్యూటరు, పక్కన పాత టైపు మిషను.
మిషనుకు పనిలేక నాలుగేండ్లు.
గొడుగు కర్రకు బరువుగా ఉంటాదని ఉంచుకున్నా.

తవమలర్ వచ్చి స్టూలు మీద కూచునింది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
నేరుగా వచ్చుండాది,
గోళ్ళ సందుల్లో ఇంకా బెంగళూరా పసుపు.

ఏమడిగినా "ఓం" అంటాది.
మొదట్లో జపమేమో అనుకున్నా.
వాళ్ళ జాఫ్నా అరవంలో అవునంటే ఓం అంట.
మా ఊరి అరవానికి ఆమా ఒకటే తెలుసు.

ఎనిమిదేండ్ల కిందట
దోహా ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేకాడ
మొగిలీశును చూసినాదంట.
ఇప్పుడు గిరింపేట సందులో కాపురం.
పాలామె అప్పిస్తాది,
వీధికుక్క ఆమె చెప్పుల చప్పుడుకే లేచొస్తాది.
పౌరసత్వం కాయితం ఒకటే రావాల.

భర్త పేరు, ఓం.
ఏడేండ్ల నివాసం, ఓం.
దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు
దేశం దాటకుండా ఇక్కడే ఉండారా?

ఓం అనలేదు.
పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టింది.

మే పంతొమ్మిది, పోయిన సీలు.
జూన్ ఇరవై ఒకటి, వచ్చిన సీలు.

"అమ్మ" అనింది. అంతే.

పోయిన రోజు కొట్టేసినా.
వచ్చిన రోజు కొట్టేసినా.
వేళ్ళ గణుపుల మీద రెండుసార్లు, క్యాలెండరు మీద మూడోసారి.
ముప్పై రెండు.

కారణం రాసిస్తే ముప్పై రోజుల దాకా
దయ చూపొచ్చునని చట్టంలో ఉండాది.
ముప్పై దాటితే దయకు కూడా గడువైపోయినట్టే.

"పదిరోజులకు వచ్చుండొచ్చు గదమ్మా?"
మనకు పదకొండో పదహారో దినం.
వాళ్ళకు ముప్పైయొకటో నాడంట,
అందియేట్టి అంటారంట.
పాడె లేచిన ఇరవయ్యో తేదీ నుంచి లెక్కేస్తే
జూన్ పంతొమ్మిది.

చట్టం ముప్పైకాడ ఆగిపోయింది.
వాళ్ళమ్మ ఇంకొక్క రోజు అడిగింది.

"సరే, మర్నాడు? ఇరవయ్యో తేదీ యాడుంటివి?"
చాలాసేపు గోడ చూసింది.
"పండుకున్నా అన్నా.
అమ్మ చీరలు అక్కలు పంచుకున్నారు.
చాప ఎవరూ అడగలా.
దానిమీద పండుకుంటే సాయంత్రం దాకా మెలకువ రాలా."

నాకు పాడుబుద్ధి పుట్టింది.
వానకు తడిసి ఇరవై ఒకటిలో ఒకటి సగం చెరిగుండాది.
పంతొమ్మిదని చదివించొచ్చు,
పైవాళ్ళు కండ్లద్దాలు తుడుచుకునే రకం కాదు.
వేలు పెట్టి చూపించినా.

చటుక్కున పాస్‌పోర్టు లాక్కునింది.
"వద్దన్నా. అమ్మ రోజది.
దాన్ని దొంగ రోజు చెయ్యొద్దు."

తలవంచుకుని మళ్ళీ లెక్కకు కూచున్నా.
ఏడాది జరిగేకొద్దీ వెనకటి రోజులు
ఒక్కొక్కటే కిటికీలోంచి జారిపోతాయి.
మొదటి రెండూ జారిపోతే చాలు.
వచ్చే మే ఇరవై రెండున ఇస్తే
లెక్క ముప్పైకి సరిపోతాది.

అంతలోపల కదలకూడదు.

"ఏటి తద్దినానికి?"

తిథి చూసినా. దానికి పదిరోజులు ముందే వస్తాది.
పోతే మళ్ళీ లెక్క పెరుగుతాది.
ఈ మాట నేను పైకి అనలేదు.
అయినా ఆమెకు వినిపించింది.

"నీవానదిలో నీళ్ళుంటాయా, మేలో?"
"ఉండవమ్మా."
"ట్యాంకరు నీళ్ళకు ఎంతవుతాదో"
అని తనలో తనే అనుకునింది.

తారీఖు రాసీమనింది.
పెన్ను కనబడలేదు. ప్రింటరుకు కరెంటు లేదు.
పాత మిషను దగ్గరికి లాక్కుని చీటీ దూర్చినా.
రెండో అంకె మీట అరిగిపోయుండాది,
గట్టిగా కొడితే గానీ పడదు.
కొట్టినా.

చీటీ మడిచి పాస్‌పోర్టులో పెట్టుకునింది,
ఇరవై రూపాయలు వద్దన్నా పెట్టేసి పోయింది.

మిషను జరిపినందుకు గొడుగు ఒరిగిపోయింది.
ఫారాల మీద ఎండ.
లేచి సర్దాల.