జూలైలో మార్గశిరం

సోహార్ రేవు వెనకాల
క్యాంపు గోడకి కూడా చెమటపట్టే గురువారం రాత్రి
రెండు ట్రైలర్లు పక్కపక్కన ఆనించి
పైన ప్లైవుడ్ పరిచాం. రంగస్థలమంటే అంతే.
తెరకి పదహారో నంబరు గది దుప్పట్లు,
వెలుగుకి మురాద్ బలోచి వాటర్ ట్యాంకర్ హెడ్‌లైట్లు.
తొమ్మిదిన్నరకి ముప్పై తొమ్మిది డిగ్రీలు.
గాలి లేదు.
దగ్గర్లో సముద్రముందని ఒంటి జిగటే చెబుతోంది.

నాటకంలో మాత్రం మార్గశిరం.
తెల్లవారుజాము, మంచు.
తాతల నాటి ప్రహసనం, ఋతువు మార్చడానికి మనమెవరం?
మామగారిల్లు, మూడు నెలలైనా కదలని అల్లుడు,
ఇంటిల్లిపాదికీ ఒకటే శాలువా.

నేను ప్రాంప్టర్ని.
చక్రం పక్కన బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని
ఫోను వెలుతుర్లో కాయితాలు తిప్పుతున్నాను.
జిరాక్సుకి జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు.
అక్షరాలు చీమల్లా కొన్ని వెళ్ళిపోయాయి,
కొన్ని ఇంకా బారులో ఉన్నాయి.

మామగారు జగిత్యాల పోచమల్లు, స్కాఫోల్డింగు పని.
"ఏమోయ్, చలిగా ఉన్నట్టుందే" అని నేనందిస్తే
"ఏమయ్యా, సలి పెడుతున్నట్టున్నది" అన్నాడు.
అల్లుడు రాయచోటి ఖాదర్‌వలీ, వెల్డరు,
"ఈ సలేం సలి మామా" అన్నాడు.
ఒకే ఇంట్లో ఇన్ని జిల్లాలేమిటని ఎవరూ అడగలేదు.
మొదటి రంగంలోనే మీసం జారి గడ్డం మీదికొస్తే
పోచమల్లు దాన్ని తీసి జేబులో పెట్టుకుని
"ఇది గూడ సలికి ముడుసుకున్నది" అన్నాడు.
పుస్తకంలో లేదది.

తర్వాత శాలువా రంగం.
లోపల ఇద్దరికీ కావాలి, పైకి ఇద్దరికీ వద్దు.
మీరు కప్పుకోండి మామా, అయ్యో నువ్వు కప్పుకో.
మర్యాద చాటున గుంజులాట, నాటకం ప్రాణమంతా అక్కడే.
కానీ ఈ ఉక్కలో ఉన్ని శాలువా,
అదీ నిజం ఉన్నిది,
ఎవడిక్కావాలి?
ఖాదర్‌వలీ నిజంగానే తోసేశాడు.
పోచమల్లు నిజంగానే బతిమాలాడు,
"నీ కాల్మొక్త, నువ్వే కప్పుకో."
శాలువా పట్టుకుంటే కాలే పెనంలా చేతులు మారుతుంటే
నేల మీద మూడొందల మంది
ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వారు.
తెలుగు ముక్క రాని మురాద్
స్టీరింగు మీద వాలిపోయి హారన్ మోగించేశాడు.

అప్పుడు చూసుకున్నాను.
ముప్పై ఒకటి తర్వాత ముప్పై మూడు.
అత్తగారొచ్చి ఏదో అనాలి, తగువు తెగాలి.
అత్తగారి వేషం కట్టిన అప్పలస్వామి
కొంగుతో మెడ తుడుచుకుంటూ తెర సందులోంచి నన్నే చూస్తున్నాడు.
ఇవ్వడానికి నా దగ్గర మాట లేదు.
"దగ్గు" అన్నాను.
దగ్గాడు.
ఇంకోసారి దగ్గాడు.

ఆడవాళ్ళు ఐదుగురే వచ్చారు ఆ రాత్రి.
అందులోంచి ఒకామె లేచింది, రాజోలు కరుణమ్మ.
చేపల ఫ్యాక్టరీ చల్లగదిలో పెట్టెలు సర్దుతుంది,
మైనస్ పద్దెనిమిది, రోజుకి తొమ్మిది గంటలు.
"మా తాత ఏసేవోడండీ ఈ అత్తగారి ఏషం"
అంది, ఫలానా ఎవరితోనూ కాకుండా.
చెప్పులు విడిచి ట్రైలరెక్కి
శాలువాని గాల్లోనే అందుకుంది.
"మీరిద్దరూ మర్యాదలు కప్పుకోండి,
ఇది నేను కప్పుకుంటాను."

ఈలలు. ఇంకా ఈలలు.
ముప్పై మూడో పేజీలో
అత్తగారు నవ్వి శాలువా తిరిగిచ్చేస్తుంది.
కరుణమ్మ ఇవ్వలేదు.
మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టి,
వేళ్ళ కొసలు లోపలికి దాచి
అక్కడే ప్లైవుడ్ మీద చతికిలబడింది.
దాచకముందు ఆ వేళ్ళు చూశాను,
రెండు సున్నంలో ముంచినట్టు తెల్లగా ఉన్నాయి.

పోచమల్లూ చూసే ఉంటాడు.
జేబులోంచి మీసం తీసి అతికించుకుని
వణకడం మొదలుపెట్టాడు,
ఇందాకటి కంటే బాగా.
పక్కన ఖాదర్‌వలీ కూడా.

నేను కాయితాలు మడిచేశాను.