ఫారంలో ఒకే గీత

బెండిగో ఊరి చివర
కాలిన గొర్రెల కొట్టం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.
బూడిద ఇంకా గోరువెచ్చగానే ఉంది.

పొగని బట్టి నిప్పు ఉందని చెప్పొచ్చు,
చిన్నప్పుడు తర్కం మాస్టారు నేర్పిందే.
ఆ నిప్పు ఎందుకు పుట్టిందో పొగ చెప్పదు.
అది ఈ ఉద్యోగం నేర్పింది.

తీగ తెగింది, అంటాను నేను.
గాలి, అంటుంది కరెంటు కంపెనీ.
మూడేళ్లుగా వాన లేదు కదా, అంటాడు పక్క పొలం మెర్విన్.
ప్రాణవాయువు పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.
అదీ ఆ రాత్రి ఇక్కడే ఉంది,
చేతులు కట్టుకుని ఏం నిలబడలేదు.

డోరీన్ ప్రౌజ్‌కి డెబ్బై ఒకటో ఏడు.
గడ్డి కోసే మిషను బ్లేడు మొద్దుబారిందట,
మంగళవారం కొయ్యలేదట.
"కోసి ఉంటే?"

కాకి వాలింది, తాటిపండు పడింది.
ఇక్కడ తాటిచెట్లు లేవు.
మాడిన యూకలిప్టస్ కొమ్మ మీద
మాగ్‌పై ఒకటి వాలి, లేచిపోయింది.
ఏమీ పడలేదు.

ఆవిడ గడ్డి కోసేసిన ఆ మంగళవారాన్ని
ఏ సంచిలో మూటగట్టి ల్యాబుకి పంపను?

ఫారంలో 'కారణం' ఎదురుగా ఒకే గీత.
తీగ, అని రాశాను.
ఆవిడ చదివింది, కళ్లద్దాలు తుడుచుకుంది,
పెన్ను ఇలా ఇమ్మంది.