ఇంటూ గుర్తు

"తరగూడి ఎక్కడుందండీ, శృంగవరపుకోట దాటాకా?"
మా ఇంటిపేరు విన్న ప్రతివాళ్లూ అడిగేది ఇదే.
అలాంటి ఊరు లేదు.
థర్‌గుడ్ అనే మాట సోల్జర్‌పేటలో
నాలుగు తరాల నోళ్లలో నాని
చింతగింజలా నున్నబడింది, అంతే.
ఓబద్యా ఓబయ్య అయిపోయినట్టు.

చర్చి బీరువా తాళం తీస్తూ ఎబినేజరు గారు
"ఉప్పుగాలికి సిరా కూడా తుప్పడుతుందమ్మా" అన్నారు.
పురుగు తిన్న బెజ్జాల నడుమ
పద్దెనిమిది వందల ముప్పై ఒకటి, పెళ్లి పద్దు:
ఓబద్యా థర్‌గుడ్, కర్రకాలి పింఛను సోల్జరు.
సంతకం చోట ఒక ఇంటూ గుర్తు.
నా తప్పు లెక్కల మీద పంతులమ్మ పెట్టేలాంటిదే.
పెళ్లికూతురు మేరీ, అని పాదిరి రాసుకున్నాడు.
దాని కింద గొలుసుకట్టు తెలుగులో
ఇన్నాళ్లూ ఎవరూ చదవని వంకర:
పైడమ్మ.

ఎసెక్స్‌లో వాళ్ల పల్లె చర్చి పుస్తకాల నకళ్లు తెప్పించుకుని
నెల్లాళ్లు భూతద్దంతో కూర్చున్నాను.
కింద చేపలమ్మి "కోనాం" అని కేకేసినా లేవలేదు.
కూలీలు వాళ్లు. గుర్రాలతో ఇంకొకరి పొలం దున్నేవాళ్లు.
పంట కుళ్లిన ఏడు
ఒకే వారంలో ఇద్దరు పిల్లల్ని పూడ్చారు.
మూడోవాడు ఓబద్యా.
వాడి బాప్తిస్మం పద్దు అంచున, వేరే సిరాతో, ఇరికించి:
"ఇరవై తొమ్మిదిలో సముద్రంలో పోయాడు. తల్లి చెప్పినది."
కింద ఆవిడ గుర్తు. ఇంటూ.

ఇక్కడ పెళ్లికొడుకయ్యేనాటికి
అక్కడ పోయి రెండేళ్లు.
ఆవిడకి ఎవరు చెప్పారో.
తను చచ్చిపోయినట్టు ఇతనికి తెలుసో లేదో.

ముప్పై ఒక్క ఏళ్లు పాత పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీశాను.
అడ్రసు తడిసినవి, వీధి మారినవి,
మనిషే లేనివి, అన్నిటికీ ఒక్కో గూడుంది.
రాయనివాటికి లేదు.
ఒక ఇంటూ ఇంకో ఇంటూకి ఏమని రాస్తుంది?
ఆ ఇంట్లో రాయొచ్చింది పైడమ్మ ఒక్కతికే.

రాసే ఉంటుందనుకుంటాను ఒక్కోసారి.
ఓబయ్య ఇసకలో కర్రకాలు చాపి చెబుతుంటే,
చెప్పనిది కూడా కలిపి:
"అత్తా, నీ కొడుకు బతికే ఉన్నాడు.
చారు పోస్తే మాత్రం వద్దంటాడు."
అక్కడ ఏ పాదిరో ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి
ఏ వైపు పైనో తెలియక
పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకునుంటాడు.

నకళ్లు పంపినామెకి నిన్న రాశాను:
మీ పాత పుస్తకాలు ఓసారి దులపండి,
గొలుసుల్లాంటి రాత ఏదైనా రాలుతుందేమో.