తరుగు

థ్యోలో కొండల మీద
పొద్దు ఇంకా మంచు తుడుచుకోకముందే
ఆకు కోతకు దిగుతారు ఆడవాళ్లు.
నేను దిగను.
నాకు బల్ల ఉంది, పైన రేకు ఉంది,
చెవి మీద పెన్ను ఉంది.
మలావీ మొత్తంలో నా అంత అదృష్టవంతుడు లేడంటుంది మా అమ్మ.

పని సులువే.
కొక్కేనికి గోనె తగిలిస్తారు.
ముల్లు ఊగి ఊగి ఎక్కడో నిలుస్తుంది.
నిలిచినచోటు నుంచి
తడికి రెండు కిలోలు, గోనెకు ఒకటి తీసేసి
మిగిలింది రాస్తాను.
వానాకాలం తడి ఉంటుంది, తీస్తాను.
ఎండాకాలం తడి ఉండదు,
అలవాటు ఉంటుంది,
తీస్తాను.

తీసింది ఎక్కడికి పోతుందని
చేరిన కొత్తలో మేస్త్రీని అడిగాను.
"గాలిలోకి" అన్నాడు నవ్వి.
నిజమే కాబోలు.
కొండ కింద ఫ్యాక్టరీ గొట్టం నుంచి
గాలి రోజంతా టీ వాసన వేస్తుంది.

జనవరిలో ఒక మంగళవారం
ఎలూబి వంతు వచ్చింది.
తల మీది గోనె దించి పక్కన పెట్టి
వీపున ఉన్న పిల్లను విప్పింది.
చితెంజె గుడ్డ కొసలు ముడేసి
పిల్లను కొక్కేనికి తగిలించింది.
అట్ట చిరిగిన క్లినిక్ పుస్తకం
నా బల్ల మీద తెరిచి పెట్టింది.
"నిన్న అక్కడ తూచారు.
ఇలాంటి కొక్కేనికే, ఇదే గుడ్డలో. ఏడున్నర."

ముల్లు ఊగింది.
పిల్ల కాళ్లాడిస్తే మళ్లీ ఊగింది.
వరసలో ఎవరో దగ్గారు.
ఆరు దగ్గర నిలిచింది.

"ఒక్క రాత్రిలో నా బిడ్డ కిలోన్నర తరిగిందా?"
గొంతు పెంచలేదు. ఉప్పు ధర అడిగినట్టు అడిగింది.
"తరిగితే డాక్టరుకు చెప్పు.
తరగకపోతే నాకు చెప్పు."

మేస్త్రీ పరుగున వచ్చాడు.
ఈ కాటా పిల్లలకు కాదు, ఆకుకు, అన్నాడు.
"అవును బాబూ, ఆకైతే ఏడవదు"
వెనకనుంచి ముసలి లెజీనా.
పిల్ల కూడా ఏడవలేదు.
వేలాడుతూ, నా పెన్ను కోసం చెయ్యి చాచింది.

నా పుస్తకంలో మూడే గడులు.
పేరు. ఆకు. తరుగు.
పేరు గడిలో ఎలూబి బిడ్డ అని రాశాను.
ఆకు గడిలో ఏడున్నర.
మూడో గడిలో, పదకొండేళ్లలో మొదటిసారి, సున్నా.
మేస్త్రీ ఆ కాగితం చించేశాడు.
కింద కార్బన్ ఉందన్న సంగతి మరిచాడు.

ఆ రాత్రి లెక్క వేద్దామని కూచున్నాను.
బడిలో లెక్కల్లో నేనే మొదటివాణ్ణి.
మనిషికి మూడు కిలోలు, రోజుకు రెండు తూకాలు,
నలభైమంది...
ఒక ఏడాది దాటకుండానే ఆపేశాను.
లెక్క రాక కాదు.

ఇవాళ వరసలో
పదిహేడు వీపుల మీద పదిహేడుమంది పిల్లలు.
గోనెలు ఎవరూ ముందుకు తేవడం లేదు.
మేస్త్రీ నావైపు చూస్తున్నాడు.
వరస చివర మా అమ్మ,
ఆమె గోనెకూ ఇన్నాళ్లూ నేనే తీశాను.
ఆమె వీపున ఎవరూ లేరు.
దగ్గరకొచ్చి
కొక్కెం ఎక్కమని నన్నే అడుగుతుందేమో.