ఉత్తరేణి

కంచిలి స్టేషన్ రోడ్డులో నా మిషను.
సెలవైపోయిన కుర్రోళ్లు రైలుకి గంట ముందొస్తారు.

కూర్మారావు భుజమ్మీద ఒంటి గీత కుట్టింది నేనే,
నల్లదారంతో, చుట్టూ రెండు వరసలు.
రెండో గీతొచ్చినప్పుడు బ్లేడుతో విప్పేను.
చొక్కా అంతా వెలిసింది గానీ
గీత కింద గుడ్డ కొత్తగానే ఉంది,
అంచున సూది కన్నాలు చీమలబారు.

ఇప్పుడందరూ వెల్క్రో తెస్తన్నారు.
నిన్న దాలినాయుడి రెండోవోడు
చర్రున పీకి చూపించేడు.
"అక్కడికెళ్తే పేరు తీసి జేబులో పెట్టుకోవాలప్పా,
కనబడకూడదు."
ఎక్కడికని నేనడగలేదు.
వేలితో రాసి చూసేను, కొక్కేల గరుకు:
జీడితోటలో చీరకి పట్టే ఉత్తరేణి.

కింది ముక్క మాత్రం కుట్టాల్సిందే.
ఊడొచ్చేదానికీ ఊడని చోటొకటి కావాల.
మూలల్లో మూడేసిసార్లు వెనక్కి తిప్పేను.
దారం పంటితో తెంపుతుంటే రైలు కూత.
ఇరవై రూపాయలు బల్ల మీద పడేసి
చొక్కా చంకనెట్టుకుని పరుగు.

సాయంత్రం తలుపులేస్తూ చూసేను.
నా కొంగుకి అంటుకుని
ఇంగ్లీషక్షరాల్లో వాడి పేరు.

మెల్లగానే పీకేను.
నూలు కొంచెం లేచింది.