నీళ్ల జాడ

దానా అంటే వీళ్ల భాషలో పెద్ద ముత్యమంట.
మా రాయచోటి పక్క దాణా అంటే
ఎద్దులకు పెట్టేది.
పేరు విని మొదటిరోజు నేను లోపల్లోపలే నవ్వుకుంటే
ఆర్నెల్ల బిడ్డ, నా ముఖం చూసి తనూ నవ్వింది,
ఎందుకో తెలిసినట్టే.

రెండున్నరేండ్లప్పుడు ఫింతాస్ కాడ సముద్రానికి తీసకపోతిమి.
అంతవరకూ కారద్దంలోంచి చూసిందే గానీ
కాలు పెట్టింది లేదు.
అల అంచున నిలబడి
బొటనవేలూ చూపుడువేలూ చేర్చి
ముక్కు మూసుకునింది.
టీవీలో చూసిందేమోలే అనింది వాళ్లమ్మ.
ముసలామె మాత్రం ఇసకలో కూలబడింది.
వాళ్ల తాత ముత్యాలకు మునిగేవాడంట,
ముక్కుకు తాబేటిచిప్ప బిగించుకొని,
కాలికి రాయి కట్టుకొని.
ఆమె పుట్టకముందే ఒకనాడు
తాడు ఊరికే పైకొచ్చిందంట.

సరే, రక్తమనుకుందాం.
రక్తంలో ఏమేం మూటగట్టుకొని వస్తారో
ఎవురు విప్పి చూసినారు.

మరి ఆ ఎండాకాలం జరిగిందానికి ఏం చెప్పాల?
పెరట్లో టైల్స్ మీద ఆడతా ఆడతా ఆగి
"ఓబూ, మాయ్" అనింది.
మాయ్ అంటే ఈడ నీళ్లు.
మా పక్క మాయ అంటే
కాన్పులో బిడ్డ వెనకాల వచ్చేది.
యాడే అంటే మడమతో తట్టి చూపింది.
పొడి నేల. చీమ కూడా లేదు.
మూడోనాడు సరిగ్గా ఆడే
పైపు పగిలి నీళ్లు ఉబికినాయి.

మా నాయన నీళ్లు చూసేవాడు.
అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేన్లు తిరుగుతుంటే
నీళ్లున్న చోట అది లేచి నిలబడేది.
ఎందరి బోర్లో ఆయన చెయ్యి చూపినవే.
మా చేన్లో మాత్రం ఏడు వేస్తే ఏడూ దుమ్మే.
ఆ అప్పే నన్ను ఈడికి తెచ్చింది.
ఈ సంగతి ఈ ఇంట్లో ఎవురికీ చెప్పలేదు,
చెప్పేంత అరబ్బీ నాకు రాదు.

అది నా రక్తం కాదు.
చంకన మోసినా, అంతే.
చంకలోనుంచి కూడా దిగుతాయా ఇట్లాంటివి?
జోకొట్టేటప్పుడు నా చేతిలో
నాయన చెయ్యేమన్నా ఉండిందా?

డ్రైవరు మహబూబ్ బాషా నవ్వినాడు.
"నీళ్లు కారేచోట టైలు సల్లగుంటుంది వదినా.
ఈ ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగేది
ఆ బిడ్డొక్కతే."

నిజమే అయ్యుండొచ్చు.
ఆ రాత్రి అందరూ పండుకున్నాక
చెప్పులిడిసి పెరట్లో నిలబడినా.
పగటి వేడి ఇంకా ఉండాది నేలలో.
నా అరికాళ్లు కాయలు కాసినవి,
ఏమీ చెప్పలే.
ఎనిమిదోది వేసుంటే పడేదేమో,
నాయన అప్పుడు ఆగమన్నాడు కదా అనుకున్నా.

తలుపు కాడ దానా.
ఎప్పుడు లేచిందో.
వచ్చి నా కాళ్ల పక్కన కాళ్లు పెట్టి
తలెత్తి నా ముఖంలోకి చూసి
రెండు వేళ్లతో
ముక్కు మూసుకునింది.